హిట్ల మీద హిట్లు ఇచ్చిన స్టాక్స్ రికార్డ్స్ ఎందుకు మూతపడింది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అమెరికాలోని మెంఫిస్‌లో ఒక అక్కా తమ్ముడూ కలిసి పెట్టిన స్టాక్స్ అనే చిన్న రికార్డు కంపెనీ ఓటిస్ రెడ్డింగ్, ఐజాక్ హేస్ లాంటి గాయకుల్ని ప్రపంచానికి పరిచయం చేసింది కదా, మరి 1975కల్లా ఎలా మునిగింది? ఇంట్లోవాళ్ళమే కలిసి ప్రైవేటు పాటల లేబుల్ మొదలుపెడుతున్నాం కాబట్టి మాకు పనికొచ్చేలా చెప్పండి అన్నారు.

ముందు సూటిగా జవాబు. పాటలు ఆడక మునగలేదు. పంపిణీ ఒప్పందాల దగ్గర రెండుసార్లు, బ్యాంకు అప్పు దగ్గర ఒకసారి దెబ్బతింది. 1965లో చదవకుండా పెట్టిన సంతకం వల్ల 1968లో, అప్పటిదాకా విడుదల చేసిన మాస్టర్లన్నీ (అసలు రికార్డింగులు, వాటి మీద హక్కులు) చేజారాయి. మళ్ళీ కష్టపడి లేచారు. 1972లో ఇంకో పెద్ద కంపెనీకి పంపిణీ మొత్తం అప్పగించారు. సరుకు దుకాణాలకి చేరక నగదు ఆగిపోయింది, ఆ ఖాళీని అప్పులతో పూడ్చారు. 1975 డిసెంబరులో కోర్టు తాళం వేసింది. జాతి వివక్ష, విమాన ప్రమాదం, అన్నీ ఈ కథలో ఉన్నాయి. కానీ లేబుల్ పెట్టబోయేవాళ్ళు చూడాల్సింది కాగితాలనే.

ఇక వివరంగా.

జిమ్ స్టూవర్ట్ బ్యాంకు ఉద్యోగి. సాయంత్రాలు కంట్రీ సంగీతానికి ఫిడేలు వాయించేవాడు. 1957లో శాటిలైట్ అనే పేరుతో రికార్డులు తీయడం మొదలుపెట్టాడు. అక్క ఎస్టెల్ యాక్స్‌టన్ అతనికన్నా దాదాపు పన్నెండేళ్ళు పెద్దది, ఆవిడదీ బ్యాంకు ఉద్యోగమే. సరైన మెషిన్ కొనడానికి జిమ్ దగ్గర డబ్బు లేకపోతే భర్తని ఒప్పించి ఇల్లు తాకట్టు పెట్టి 2,500 డాలర్లు తెచ్చింది. దాంతో కొన్నది యాంపెక్స్ 350 మోనో టేప్ రికార్డర్. కంపెనీ మూలధనం అంటే ఆ మెషినే. 1961లో కాలిఫోర్నియాలో ఇంకో శాటిలైట్ ఉందని తెలిసి పేరు మార్చాల్సి వచ్చింది. స్టూవర్ట్‌లో మొదటి రెండక్షరాలు, యాక్స్‌టన్‌లో మొదటి రెండక్షరాలు కలిపి స్టాక్స్ అన్నారు. (లేబుల్ పేరు ఖాయం చేసుకునే ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతకండి. ఒక పాట హిట్ అయ్యాక పేరు మార్చుకోవడం చాలా ఖరీదైన పని.)

1960లో ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూ, 926 నంబరులో మూతపడి ఉన్న క్యాపిటల్ అనే సినిమా హాలుని నెలకి 150 డాలర్ల అద్దెకి తీసుకున్నారు. సీట్లు పీకేశారు, హాలు మరీ పెద్దదని మధ్యలో అడ్డంగా గోడ కట్టారు, తివాచీలూ తెరలూ వేశారు, తెర ఉండే వేదిక మీద కంట్రోల్ రూమ్ పెట్టుకున్నారు. నేల వాలుని సరిచేయడానికి డబ్బు లేక అలాగే వదిలేశారు. ఆ పేదరికమే తర్వాత కలిసొచ్చింది. నేలా పైకప్పూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే శబ్దం రెండిటి మధ్యా అటూ ఇటూ కొట్టుకుంటూ గణగణమనదు, కొన్ని బాస్ స్వరాలు ఉబ్బి కొన్ని మాయమవడమూ తగ్గుతుంది. డబ్బా లాంటి చదరపు గదిలో సోఫా వేసి, గోడలకి నాలుగు ఫోమ్ ముక్కలు అంటించి స్టూడియో అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పల్చటి ఫోమ్ పై స్వరాలనే మింగుతుంది, బాస్ గొడవ అలాగే ఉంటుంది.

మోనో మెషిన్ అంటే ఒకటే ట్రాక్. గాయకుడు, డ్రమ్స్, బాస్, గిటార్, ఆర్గాన్, బాకాలు అందరూ ఒకేసారి వాయించాలి, మిక్సింగ్ అక్కడికక్కడే అయిపోవాలి. ట్రంపెట్ ఎక్కువైతే తర్వాత తగ్గించే దారి లేదు, వాయించేవాడే రెండడుగులు వెనక్కి జరగాలి. అందుకే స్వరాలు కాగితం మీద రాసుకోకుండా, అక్కడే కూర్చుని అనుకుంటూ, కుదిరేదాకా వాయించి అప్పుడు టేపు తిప్పేవాళ్ళు. 1963లో, స్టాక్స్ రికార్డుల్ని పంచిపెట్టే అట్లాంటిక్ కంపెనీ ఇంజనీర్ టామ్ డౌడ్ వచ్చి చెడిపోయిన ఆ మెషిన్‌ని బాగుచేశాడు. ఆ సమయంలోనే రూఫస్ థామస్ 'వాకింగ్ ది డాగ్' రికార్డు చేశాడు. రెండు ట్రాకులు 1965లో, నాలుగు ట్రాకులు 1966లో వచ్చాయి. అంటే స్టాక్స్‌కి పేరు తెచ్చిన తొలి పాటలు చాలావరకు దిద్దుకునే వీలు లేని మెషిన్ మీద తీసినవే.

స్టూడియో కంటే తెలివైన ఆలోచన దుకాణం. హాలు ముందుభాగంలో చిరుతిళ్ళు అమ్మే చోట ఎస్టెల్ రికార్డుల షాపు పెట్టింది. మూడు పనులు ఒకేసారి జరిగాయి. రోజువారీ నగదు వచ్చి అద్దె గడిచేది. వేరే కంపెనీల రికార్డుల్లో ఏది అమ్ముడవుతోందో, ఎందుకు అమ్ముడవుతోందో కళ్ళముందు కనిపించేది. లోపల అప్పుడే తీసిన టేపుని షాపులోకొచ్చే కుర్రాళ్ళకి వినిపించి, వాళ్ళ కాళ్ళు ఆడుతున్నాయా లేదా చూసి విడుదల చేయాలో వద్దో తేల్చేవాళ్ళు. పేటలో పిల్లలే తర్వాత సంగీతకారులయ్యారు. గిటారిస్టు స్టీవ్ క్రాపర్ మొదట ఆ కౌంటర్లో పనిచేశాడు, బుకర్ టి. జోన్స్ హైస్కూల్లో చదువుతూ వచ్చాడు. 1961లో 'లాస్ట్ నైట్' అనే వాద్యగీతాన్ని విడుదల చేయాల్సిందే అని పట్టుబట్టింది ఎస్టెల్ ఒక్కతే. కొడుకు పాకీ అందులో శాక్సోఫోన్ వాయించాడన్న మమకారం కూడా ఉండొచ్చు గాక, అది అమెరికాలో పాటల ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక పాప్ జాబితాలో 3వ స్థానానికి వెళ్ళింది. స్టాక్స్ చరిత్రల్లో ఎస్టెల్‌కి రావాల్సినంత పేరు రాలేదనేది నా అభిప్రాయం. అమ్మకాల లెక్క తెలిసిన మనిషి ఇంట్లో ఉండటం మంచి మైక్రోఫోన్ ఉండటం కన్నా ముఖ్యం.

ఇంకో బలం జీతం మీద ఉండే ఇంటి బృందం. బుకర్ టి అండ్ ది ఎంజీస్ అని వాళ్ళ పేరుతోనే రికార్డులూ వచ్చాయి, 1962లో 'గ్రీన్ ఆనియన్స్' వాళ్ళదే. మెంఫిస్‌లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒక హోటల్లో కలిసి కూర్చోలేని రోజుల్లో ఆ నలుగురిలో ఇద్దరు నల్లవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు. బయటి ఊరి నుంచి గాయకుడు ఎవరొచ్చినా వెనక ఇదే బృందం. పాటకి పాటకి వాద్యకారులని వెతకాల్సిన పని లేదు, రిహార్సల్ ఖర్చు లేదు, పైగా లేబుల్‌కి ఒక గుర్తుపట్టగల ధ్వని వచ్చింది. ఓటిస్ రెడ్డింగ్ కూడా 1962లో వేరే గిటారిస్టు సెషన్‌కి వచ్చిన కారు నడిపినవాడే. చివర్లో టైము మిగిలితే పాడాడు. అలాంటి అవకాశానికి తలుపు తెరిచి ఉంచగలిగింది బృందం ఎప్పుడూ అక్కడే ఉండటం వల్లే.

ఇక్కడిదాకా బాగుంది. ఇప్పుడు అసలు జబ్బు.

చిన్న లేబుల్‌ని ఫ్లాపు కంటే హిట్టు ముందు చంపుతుంది. ఎలాగంటే, పాట ఊపందుకోగానే డిస్ట్రిబ్యూటర్లు వేల రికార్డులు అడుగుతారు. టేపు నుంచి లాకర్ అనే మెత్తటి పూత వేసిన డిస్కు మీదకి గాడి కోయించాలి, దానికి నికెల్ పూత వేయించి అచ్చులు తీయించాలి, ప్లాంటులో రికార్డులు ఒత్తించాలి, కవర్లూ లేబుళ్ళూ అచ్చువేయించాలి. వీళ్ళందరికీ వెంటనే, మహా అయితే నెలలో డబ్బు కట్టాలి. డిస్ట్రిబ్యూటరేమో మూడు నాలుగు నెలలకి గానీ ఇవ్వడు, ఒక్కోసారి మీ దగ్గర తర్వాతి హిట్ ఉంటేనే పాత బాకీ కదులుతుంది. అమ్ముడుపోనివి వెనక్కి పంపి ఆ మొత్తం తగ్గించుకుంటాడు. దేశమంతా ప్రాంతానికొక డిస్ట్రిబ్యూటర్ చొప్పున ఇరవై ముప్పై మంది దగ్గర బాకీలు వసూలు చేయడం ఇద్దరు మనుషుల వల్ల కాదు. కాబట్టి పెద్ద కంపెనీని ఆశ్రయించడం స్టాక్స్ చేసిన తప్పు కాదు. 1960లో రూఫస్ థామస్, ఆయన కూతురు కార్లా పాడిన పాట మెంఫిస్ చుట్టుపక్కల ఆడటం చూసి న్యూయార్క్ నుంచి అట్లాంటిక్ రికార్డ్స్ తరఫున దాని వాటాదారుల్లో ఒకడైన జెర్రీ వెక్స్‌లర్ వచ్చాడు. ఒత్తించడం, పంచడం, వసూలు చేయడం అట్లాంటిక్ పని. పాటలు తీసి మాస్టర్ ఇవ్వడం స్టాక్స్ పని. అమ్మకాల మీద స్టాక్స్‌కి రాయల్టీ. అయిదేళ్ళపాటు ఇది నోటిమాట మీదే నడిచింది, బాగానే నడిచింది.

1965లో రాతపూర్వక ఒప్పందం కావాలని అడిగింది జిమ్ స్టూవర్టే. భయం ఒక్కటే: రేపు అట్లాంటిక్‌ని ఎవరికైనా అమ్మేస్తే తన గతేంటి? కాబట్టి వెక్స్‌లర్ తన వాటా అమ్ముకుంటే ఒప్పందం నుంచి బయటికి వచ్చే హక్కు స్టాక్స్‌కి ఉండాలని ఒక క్లాజు పెట్టించుకున్నాడు. మంచి క్లాజే. కానీ ఆ ఒక్క క్లాజు చూసుకుని మిగతా కాగితాలు లాయరుకి చూపించకుండా సంతకం పెట్టాడు. అందులో అట్లాంటిక్ పంచిన మాస్టర్ల మీద సర్వహక్కులూ అట్లాంటిక్‌కే బదిలీ అవుతున్నట్టు రాసుంది. స్టాక్స్ దృష్టిలో తాము సరుకు పంచుకోమని ఇస్తున్నారు. కాగితం ప్రకారం సరుకే అమ్మేశారు.

1967లో అట్లాంటిక్‌ని వార్నర్ బ్రదర్స్–సెవెన్ ఆర్ట్స్ కొనేసింది. అదే ఏడాది డిసెంబరు 10న విస్కాన్సిన్‌లోని మొనోనా సరస్సులో విమానం కూలి ఓటిస్ రెడ్డింగ్, బార్-కేస్ బృందంలో నలుగురితో సహా ఏడుగురు పోయారు. ఆయన చనిపోవడానికి కొద్దిరోజుల ముందు తీసిన 'డాక్ ఆఫ్ ది బే' 1968లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అంత పెద్ద హిట్టు మార్కెట్‌లో ఉండగానే జిమ్ కొత్త యజమానులతో బేరానికి కూర్చున్నాడు. బేరం కుదరలేదు. సరే, మన క్లాజు ప్రకారం బయటికొస్తాం, మా మాస్టర్లు మాకిచ్చేయండి అన్నాడు. అప్పుడు తెలిసింది మాస్టర్లు తమవి కావని. ఓటిస్ పాటలన్నీ, 'గ్రీన్ ఆనియన్స్', కార్లా థామస్ పాటలు, అన్నీ పోయాయి. ఇంటి మనుషుల్లా ఉన్న శామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంట అసలు అట్లాంటిక్ కళాకారులు, స్టాక్స్‌కి కొన్నాళ్ళు ఇచ్చినవాళ్ళు. వాళ్ళూ వెళ్ళిపోయారు. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన లొరైన్ మోటెల్ స్టాక్స్ కళాకారులు దిగే చోటు, పాటలు కట్టుకునే చోటు. నాలుగైదు నెలల్లో ఇన్ని దెబ్బలు.

దీన్ని మోసం అనాలా? ఆ క్లాజు సంగతి తనకీ తెలియదని, తమ లాయర్లు పెట్టారని వెక్స్‌లర్ తర్వాత చెప్పుకున్నాడు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. నాకు మాత్రం బాండ్లు చూసుకునే బ్యాంకు ఉద్యోగి తన సొంత ఆస్తి కాగితం చదవకపోవడమే ఎక్కువ ఆశ్చర్యం. స్నేహం ముదిరినచోట చదవడం అవమానం అనిపిస్తుంది. మన ఇండస్ట్రీలో కూడా "మన మధ్య ఇవన్నీ ఎందుకు గురూ" అన్న మాట తర్వాత వచ్చే కాగితాన్ని రెండుసార్లు చదవాలి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం, సాధారణంగా ఈ కథ చెప్పేవాళ్ళు వదిలేసేది. అమెరికాలో 1972 ఫిబ్రవరి 15కి ముందు తీసిన సౌండ్ రికార్డింగులకి అప్పట్లో కేంద్ర కాపీరైట్ చట్టం రక్షణే లేదు. రాష్ట్రాల చట్టాలు, ఒప్పందంలో రాసిన మాట, అంతే. రచయితలు చాలా ఏళ్ళ తర్వాత తమ హక్కుల్ని వెనక్కి తెచ్చుకోగల వెసులుబాటు లాంటిది ఈ మాస్టర్లకి లేదు. కాబట్టి ఆ ఒక్క వాక్యమే వాళ్ళ ఆస్తి మొత్తాన్ని తేల్చింది.

మాస్టర్ వేరు, పాట వేరు. ఇది తెలియకపోతే స్టాక్స్ 1968 తర్వాత ఎలా బతికిందో అర్థం కాదు. రికార్డైన శబ్దం మాస్టర్. దాని వెనక సాహిత్యం, బాణీ ఇంకో ఆస్తి, దాన్ని పబ్లిషింగ్ అంటారు. స్టాక్స్ పబ్లిషింగ్ విభాగం ఈస్ట్/మెంఫిస్ మ్యూజిక్, అట్లాంటిక్ పట్టుకుపోయిన మూటలో అది లేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం అమ్మిన ప్రతి రికార్డుకి ఒక్కో పాటకి 2 సెంట్లు పబ్లిషర్‌కి కట్టాలి, దాన్ని రచయితతో పంచుకుంటారు. 1909 నుంచి 1977 దాకా ఆ రేటు మారలేదు. 2 సెంట్లంటే నవ్వులాటగా ఉంటుంది గానీ, రికార్డు ఎవరు అమ్మినా, ఇంకెవరు అదే పాట మళ్ళీ పాడినా అది వస్తూనే ఉంటుంది. ఐజాక్ హేస్, డేవిడ్ పోర్టర్ కలిసి శామ్ అండ్ డేవ్‌కి రాసిన పాటలు మాస్టర్లు పోయాక కూడా మెంఫిస్‌కి డబ్బు పంపాయి.

1968 మే నెలలో స్టాక్స్‌ని గల్ఫ్ అండ్ వెస్టర్న్ అనే పెద్ద సంస్థకి అమ్మారు. అయినా నడిపింది వీళ్ళే. 1965లో ప్రచారం చూడటానికి వచ్చిన ఆల్ బెల్, ఒకప్పటి రేడియో డీజే, ఇప్పుడు పగ్గాలు అందుకున్నాడు. చేతిలో పాత కేటలాగు (ముందు విడుదలై ఇంకా అమ్ముడయ్యే రికార్డుల జాబితా) లేదు, కేటలాగు లేని లేబుల్‌ని దుకాణదారుడు పట్టించుకోడు. అందుకని 1969లో ఒకేసారి 27 ఆల్బమ్‌లు విడుదల చేశాడు. లెక్క సరిగ్గా నింపడం కోసమే తీసినవి అందులో చాలా ఉన్నాయి. కానీ ఐజాక్ హేస్‌కి నీ ఇష్టం వచ్చినట్టు తీసుకో అన్నారు. ఆయన నాలుగే పాటలతో 'హాట్ బటర్డ్ సోల్' తీశాడు, చివరి పాట ఒక్కటే 18 నిమిషాల పైన. అది పది లక్షలకి పైగా అమ్ముడైంది. నల్లజాతి శ్రోతలు విడి పాటలుగా వచ్చే సింగిల్సే కొంటారు, ఆల్బమ్‌లు కొనరు అని వ్యాపారంలో అందరూ పట్టుకు వేలాడిన నమ్మకాన్ని ఆ ఒక్క రికార్డు పడగొట్టింది.

ఆ ఏడాదే ఎస్టెల్ బయటికి వెళ్ళింది. ఆల్ బెల్‌తో ఆవిడకి పొసగలేదు. జిమ్ బెల్ వైపు నిలబడ్డాడు, ఆవిడ వాటా కొనేశారు. కుటుంబ సంస్థ అన్న మాటకి అక్కడితో కాలం చెల్లిందనే చెప్పాలి. అయిదేళ్ళు పోటీ లేబుల్ పెట్టకూడదన్న షరతు తీరాక ఎస్టెల్ ఫ్రెటోన్ అనే చిన్న లేబుల్ పెట్టింది. 1976లో అమెరికాని ఊపిన 'డిస్కో డక్' మొదట విడుదలైంది దాని మీదే. పాట ఎంత చెత్తదైనా సరే, ఏది అమ్ముడవుతుందో పట్టుకునే ఆవిడ చెవి చెక్కుచెదరలేదు.

1970లో జిమ్, బెల్ కలిసి డాయిష్ గ్రామోఫోన్ అనే జర్మన్ రికార్డు కంపెనీ దగ్గర అప్పు తెచ్చి గల్ఫ్ అండ్ వెస్టర్న్ నుంచి కంపెనీని తిరిగి కొన్నారు. తర్వాతి రెండేళ్ళూ వైభవమే. 'షాఫ్ట్' సినిమా పాటకి హేస్‌కి ఆస్కార్, స్టేపుల్ సింగర్స్ బృందం పాటకి మొదటి స్థానం, 1972 ఆగస్టు 20న లాస్ ఏంజిలస్ స్టేడియంలో డాలర్ టికెట్‌తో లక్ష మందికి పైగా వచ్చిన వాట్‌స్టాక్స్ కచేరీ.

ఆ ఏడాదే సీబీఎస్ రికార్డ్స్ అనే పెద్ద కంపెనీతో పంపిణీ ఒప్పందం. ఇది రెండో దెబ్బ, మొదటిదానికన్నా మీకు దగ్గరగా ఉండేది. సీబీఎస్ రికార్డ్స్ అధిపతి క్లైవ్ డేవిస్ మీద నమ్మకంతో దేశమంతా పంపిణీ దానికొక్కదానికే ఇచ్చారు. 60 లక్షల డాలర్ల అప్పు కూడా దాని దగ్గరే తీసుకుని, బెల్ జిమ్ వాటా కొన్నాడు. 1973 మే నెలలో సీబీఎస్ డేవిస్‌ని తీసేసింది. కొత్తగా వచ్చినవాళ్ళకి స్టాక్స్ మీద ఆసక్తి లేదు. సీబీఎస్ మనుషులకి పెద్ద స్టోర్లు తెలుసు, నల్లవాళ్ళ పేటల్లో ఉండే చిన్న రికార్డు షాపులు తెలియవు. స్టాక్స్ సరుకు అమ్ముడయ్యేది అక్కడే. షికాగో, డెట్రాయిట్ షాపుల నుంచి మీ రికార్డులు దొరకడం లేదని మెంఫిస్‌కి ఫోన్లు వచ్చేవి. సరుకు గోదాముల్లో ఉంది. వేరేవాళ్ళకి అమ్మే హక్కు లేదు. పైగా రిటర్నులు వస్తాయేమోనని సీబీఎస్ ఇవ్వాల్సిన సొమ్ములో కొంత ఆపి ఉంచింది. పాత ప్రాంతీయ డిస్ట్రిబ్యూటర్లు మొండివాళ్ళే, బాకీలు ఎగ్గొట్టేవాళ్ళే, కానీ ఒకడు ముంచినా ఇంకొకడి దగ్గర వచ్చేది. ఇప్పుడు అన్ని గుడ్లూ ఒకే బుట్టలో.

ఆదాయం ఆగినా జీతాలు ఆగవు. యూనియన్ ప్లాంటర్స్ బ్యాంకులో అప్పులు పెరిగాయి, పబ్లిషింగ్ కూడా చివరికి బ్యాంకు చేతికే పోయింది. డబ్బు తీసుకుని హాయిగా తప్పుకోగలిగిన జిమ్ స్టూవర్ట్ సొంత ఆస్తి హామీ పెట్టి కంపెనీని నిలబెట్టాలని చూశాడు, ఇల్లు కూడా పోగొట్టుకున్నాడు. 1975 డిసెంబరు 19న అప్పులవాళ్ళ దివాలా పిటిషన్ మీద కంపెనీని మూయించారు. బ్యాంకు మోసం కేసులో ఆల్ బెల్ మీద అభియోగాలు వచ్చాయి, 1976లో నిర్దోషిగా బయటపడ్డాడు. 1977లో మిగిలిన మాస్టర్లు ఫాంటసీ రికార్డ్స్‌కి చేరాయి. ఆ హాలుని 1989లో కూల్చేశారు. అదే స్థలంలో 2003లో మ్యూజియం కట్టారు, వాలు నేలతో సహా.

ఇక మీ లేబుల్ సంగతి. ఒప్పందం చేతికొచ్చినప్పుడు నేను మొదట చూసేది డబ్బు శాతం కాదు, హక్కుని అమ్ముతున్నారా, అద్దెకిస్తున్నారా అన్నది. అసైన్‌మెంట్ అని ఉంటే అమ్మకం. లైసెన్స్ అని ఉంటే అద్దె. పైన "డిస్ట్రిబ్యూషన్ అగ్రిమెంట్" అని పేరు పెట్టి, లోపల నాలుగో పేజీలో అసైన్‌మెంట్ రాసిన కాగితాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. శీర్షికకి విలువ లేదు, లోపలి వాక్యానికే విలువ.

మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ స్టాక్స్ వాళ్ళకి లేని రక్షణ కొంత ఇస్తుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ పాట, ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నవి రాయాలి. కాలం రాయకపోతే 5 ఏళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. తీసుకున్నవాళ్ళు ఏడాదిలోగా ఆ హక్కుని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా రాసి ఉంటే తప్ప, అది రద్దవుతుంది. కానీ వీటిని నమ్ముకుని కూర్చోకండి. ఎదుటివాళ్ళ లాయరు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ముందే రాసుంటాడు, అప్పుడు ఈ వెసులుబాట్లు పనిచేయవు. 2012 సవరణ తర్వాత గీత రచయితకీ సంగీత దర్శకుడికీ రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు ఉంది, దాన్ని రాసిచ్చినా చెల్లదు. మీరు లేబుల్ కాబట్టి ఇది మీకూ వర్తిస్తుంది: మీ రచయితకి ఒకేసారి డబ్బిచ్చి అన్నీ తీరిపోయాయని అనుకోకండి.

ఆచరణలో నేను అడిగించేవి ఇవి.

గడువు, వెనక్కి రావడం. మూడు నుంచి అయిదేళ్ళ లైసెన్స్. గడువు ముగిసిన రోజు నుంచి ఎన్ని రోజుల్లో అన్ని యాప్‌ల నుంచి తీసేయాలో అంకె రాయాలి. యూట్యూబ్‌లో పాట హక్కుదారుని గుర్తించే కంటెంట్ ఐడీ వ్యవస్థలో మీ పాట మీద డిస్ట్రిబ్యూటర్ పెట్టిన హక్కుని విడుదల చేయాలని విడిగా రాయించండి. ఇది మర్చిపోతే ఒప్పందం అయిపోయాక కూడా మీ పాట డబ్బు వాళ్ళకే పోతుంది, మీరే అప్‌లోడ్ చేస్తే మీ వీడియో మీదే క్లెయిమ్ వస్తుంది.

ఐఎస్ఆర్‌సీ కోడ్‌లు. ప్రతి రికార్డింగుకి ఉండే పన్నెండు అక్షరాంకెల గుర్తు. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చినా సరే, ఆ జాబితా మీ దగ్గర ఉండాలి. సంస్థ మారినప్పుడు అవే కోడ్‌లతో ఎక్కిస్తే స్ట్రీమ్‌ల లెక్కలు నిలిచే అవకాశం ఎక్కువ. కొత్త కోడ్‌లతో ఎక్కిస్తే సున్నా నుంచి మొదలు.

మనిషి క్లాజు. ఫలానా మనిషిని నమ్మి వెళ్తున్నారా? ఆ మనిషి సంస్థ వదిలినా, సంస్థ చేతులు మారినా మీరు బయటికి రావచ్చని రాయించండి. జిమ్ స్టూవర్ట్ అది రాయించుకున్నాడు కూడా. అయితే బయటికి వచ్చేటప్పుడు ఏవేవి మీ వెంట వస్తాయో అదే పేరాలో లేకపోతే ఆ క్లాజు ఖాళీ తలుపే.

అడ్వాన్సు. పంపిణీ చేసేవాడి దగ్గరే అప్పు తీసుకోకండి. అతను సరుకు కదపకపోయినా గట్టిగా అడగలేరు. సీబీఎస్ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద తప్పుగా కనిపించేది ఇదే.

ఇంట్లో వాటాలు. అన్నదమ్ములైనా, అక్కాతమ్ముళ్ళైనా భాగస్వామ్య పత్రం రాసుకోండి. హక్కులు వదులుకునే ఏ కాగితం మీదైనా ఇద్దరి సంతకం తప్పనిసరి అని అందులో ఉండాలి. ఒకరు తప్పుకుంటే వాటా విలువ ఎలా కడతారో ముందే రాసుకోవాలి. మాస్టర్ ఫైళ్ళు, సెషన్ ఫైళ్ళు కనీసం రెండు చోట్ల ఉంచండి. లాయరు ఖర్చు ఎక్కువని కొందరు ఆగుతారు. పాటల హక్కులే పోగొట్టుకోవడంతో పోలిస్తే అది చిన్న ఖర్చే.

చివరగా, స్టాక్స్ పాత రికార్డులు ఎక్కడ మొదలుపెట్టి వినాలి అని కూడా అడిగారు. రికార్డు మధ్యలో అంటించిన లేబుల్ కాగితం చూస్తే చాలు. లేత నీలం రంగు మీద దొంతరగా పేర్చిన రికార్డుల బొమ్మ ఉంటే అది 1968 మేకి ముందుది, మాస్టర్ ఇప్పటికీ వార్నర్ గూటిలోనే ఉంది. పసుపు రంగు మీద చిటికె వేస్తున్న వేళ్ళు ఉంటే ఆ తర్వాతది, అది ఫాంటసీ నుంచి ఇప్పుడు కాంకార్డ్ దగ్గరుంది. అందుకే ఒకే గాయకుడి పాటలు రెండు వేర్వేరు కంపెనీల సంకలనాల్లో ముక్కలుగా దొరుకుతాయి, ఒకటి కొని అన్నీ వచ్చాయనుకోకండి. పసుపు లేబుల్ కొత్త వరుసలో 0001 నంబరు బుకర్ టి బృందం వాయించిన 'సోల్ లింబో'. పేరు వినకపోయినా బీబీసీ క్రికెట్ ప్రసారాలు విన్నవాళ్ళకి ఆ బాణీ తెలుసు, ఏళ్ళ తరబడి వాళ్ళు వాడింది అదే.